బ్యాచ్ ఫైలు ముందు విప్పుతుంది, ఆ తర్వాతే చదువుతుంది

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట రోజూ రాత్రి నడిచే ఒక బ్యాచ్ స్క్రిప్టు, అంటే విండోస్ కమాండ్లు వరసగా రాసిపెట్టిన ఫైలు, ఉండేది. దాని పని చిన్నది. ఒక లిస్టులోంచి ఫోల్డర్ల పేర్లు ఒక్కొక్కటే తీసుకుని, వాటిలో ఉన్న తాత్కాలిక ఫైళ్లు తుడిచేయడం. రెండేళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. ఒక రోజు పొద్దున్నే "రిపోర్టులు" అనే ఫోల్డరు ఖాళీగా కనిపించింది. ఆ ఫోల్డరు మా లిస్టులోనే లేదు. ఎవరో చేత్తో తీసేశారనుకున్నారు, ఎవరు తీశారా అని ఒక పూటంతా గొడవ. చివరికి లాగ్ ఫైల్లో ఒక్క లైను దొరికింది: 'బిల్లులు' అనే కమాండ్ ఏదీ లేదు అని.

ముందు రోజు సాయంత్రం ఎవరో లిస్టులో కొత్త ఫోల్డరు పేరు చేర్చారు. దాని పేరు "రిపోర్టులు&బిల్లులు". స్క్రిప్టులో ఉన్న లైను ఇది.

డెల్ /క్యూ డి:\పని\%పేరు%

(ఈ వ్యాసంలో కమాండ్లు, వేరియబుల్ పేర్లు అన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

%పేరు% విప్పేసరికి, అంటే దాని చోట అసలు పేరు పెట్టేసరికి, ఆ లైను కాస్తా ఇలా మారింది.

డెల్ /క్యూ డి:\పని\రిపోర్టులు&బిల్లులు

బ్యాచ్‌లో & అంటే "ఇక్కడితో ఒక కమాండ్ అయిపోయింది, ఇంకోటి మొదలు" అని అర్థం. కాబట్టి మొదటి కమాండ్ రిపోర్టులు ఫోల్డర్లో ఉన్న ఫైళ్లన్నీ తుడిచేసింది. డెల్‌కి ఫోల్డరు పేరు ఇస్తే లోపలి ఫైళ్లన్నీ తీసేయమన్నట్టే, పైగా /క్యూ ఉంది కాబట్టి ఒక్క మాట కూడా అడగదు. రెండో కమాండ్ "బిల్లులు". అలాంటి ప్రోగ్రామ్ లేదు కాబట్టి ఆ ఎర్రర్. మేం ఖాళీ చేయమన్న ఫోల్డరు చెక్కు చెదరకుండా ఉంది, ముట్టుకోవద్దనుకున్నది పోయింది.

ఆ లైనుకి డబుల్ కోట్స్ పెట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు. నిజమే. కానీ "కోట్స్ పెట్టండి" అని చెప్పి ఊరుకుంటే సరిపోదని నా గట్టి నమ్మకం. ఎందుకంటే బ్యాచ్‌లో ప్రత్యేక గుర్తుల మీద దొరికే సలహాలన్నీ చిట్కాల్లాగే ఉంటాయి. ఇక్కడ కేరట్ (^, దాని తర్వాతి గుర్తును ఉత్త అక్షరంగా చూడమని చెప్పేది) పెట్టు, అక్కడ పర్సెంట్ రెండుసార్లు కొట్టు, పని చేయకపోతే ఇంకో కేరట్ వేసి చూడు. మూడు కేరట్లు వరసగా ఉన్న లైన్లు నేను చాలా చూశాను. రాసినవాళ్లని అడిగితే "అలా పెడితేనే పనిచేసింది" అంటారు. ఎందుకు పనిచేసిందో తెలియని లైను, ఎందుకు ఆగిపోయిందో కూడా తెలియకుండానే ఒక రోజు ఆగిపోతుంది. నేర్చుకోవాల్సింది ఏ గుర్తుకి ఏ చిట్కా అని కాదు. ఒక లైను ఏ వరసలో నడుస్తుందో అది. ఆ వరస ఒక్కటి తెలిస్తే చిట్కాలన్నీ మనమే కట్టుకోవచ్చు.

ఆ వరస పెద్దదేం కాదు. సీఎండీ, అంటే బ్యాచ్ ఫైళ్లని చదివి నడిపే విండోస్ ప్రోగ్రామ్, ఒక లైను తీసుకోగానే మొట్టమొదట పర్సెంట్ గుర్తుల సంగతి చూస్తుంది. %పేరు% అని ఎక్కడుంటే అక్కడ దాని విలువను అక్షరాలా అతికించేస్తుంది. ఇంకా ఆ లైను అర్థం దానికి తెలియదు, అది ఏ కమాండో కూడా తెలియదు. అతికించడం అయ్యాకే రెండో అడుగు. & | < > ^, డబుల్ కోట్స్, బ్రాకెట్లు, వీటిని చూసి లైనును ముక్కలు చేస్తుంది. మూడో అడుగులో %%ఎఫ్ లాంటి ఫర్ లూపు వేరియబుల్స్ విప్పుతుంది. నాలుగోది, ఆశ్చర్యార్థకాల మధ్య ఉన్న !పేరు! లాంటివి. ఇది మనం ప్రత్యేకంగా ఆన్ చేస్తేనే జరుగుతుంది. ఆ తర్వాత అమలు.

మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో వేరియబుల్ అంటే ఒక డబ్బా. డబ్బాలో ఏముందన్నది కోడ్ అర్థాన్ని మార్చదు. బ్యాచ్‌లో పర్సెంట్ వేరియబుల్ డబ్బా కాదు. అది కోడ్ మధ్యలో అతికే కాగితం ముక్క. దాని మీద ఏం రాసి ఉంటే అది కోడ్‌లో భాగమైపోతుంది. ఫోల్డరు పేరు పెట్టిన మనిషి తనకి తెలియకుండానే ఆ రోజు మా స్క్రిప్టులో ఒక కొత్త కమాండ్ రాశాడు. నాకు ఇప్పటికీ భయం కలిగించే సంగతి ఇదే. తప్పు చేసిన మనిషంటూ అక్కడ ఎవరూ లేరు. విండోస్ ఆ పేరుని ఒప్పుకుంది, ఆయన పెట్టాడు.

విండోస్ ఫైలు పేర్లలో ఒప్పుకోని గుర్తులు తొమ్మిదే: \ / : * ? " < > | ఇంతే. అంటే & % ! ^ ( ) ఇవన్నీ పేరులో హాయిగా ఉండొచ్చు. ఈ జాబితాలో ఒక మంచి సంగతి కూడా దాగి ఉంది, చాలామంది గమనించరు. డబుల్ కోట్ ఫైలు పేరులో ఉండదు. కాబట్టి మనం పెట్టిన కోట్స్‌ని లోపలి నుంచి ఏ ఫైలు పేరూ మూసేయలేదు. "%ఫైలు%" అని రాస్తే &, ^, బ్రాకెట్లు, ఖాళీలు అన్నీ లోపలే కట్టుబడి ఉంటాయి. ఫైలు పేర్ల వరకు కోట్స్ నిజంగా గట్టి గోడ. అదే మనిషి టైపు చేసిన వాక్యమో, ఇంకో ప్రోగ్రామ్ ఇచ్చిన అవుట్‌పుటో అయితే అందులో కోట్స్ ఉండొచ్చు, అప్పుడు గోడ కూలుతుంది.

వేరియబుల్‌కి విలువ ఇచ్చే చోట కూడా కోట్స్ ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం.

సెట్ "పేరు=జమ&ఖర్చు"

మొదటి కోట్ వేరియబుల్ పేరుకి ముందు, చివరిది విలువ తర్వాత. ఇలా రాస్తే కోట్స్ విలువలోకి వెళ్లవు, కానీ ఆ లైనును కాపాడతాయి. సెట్ పేరు="జమ&ఖర్చు" అని రాస్తే కోట్స్ కూడా విలువలో భాగమైపోతాయి, తర్వాత వాటిని ఇంకో కోట్స్‌లో పెట్టినప్పుడు లోపలిది బయటిదైపోతుంది. సెట్ పేరు = జమ అని సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదిలితే ఇంకా ఘోరం. "పేరు" తర్వాత ఒక ఖాళీ కలిపి, ఆ మొత్తం పేరుతో వేరే వేరియబుల్ తయారవుతుంది. వేరే భాషల నుంచి వచ్చినవాళ్లందరూ మొదటి రోజు దీని దగ్గర ఆగుతారు. లైను చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి మిగిలిపోయినా అది విలువలోకి పోతుంది. మొత్తాన్నీ కోట్స్ లోపల, సమానం గుర్తు పక్కన ఖాళీ వదలకుండా రాసే అలవాటు ఉంటే ఈ మూడూ ఒకేసారి వదిలిపోతాయి.

ఇక కోట్స్ పెట్టలేని చోట ఏం జరుగుతుందో ఒక లైను దగ్గరగా చూపిస్తాను. ఎకో ఏది ఇస్తే అది రాస్తుంది కాబట్టి కోట్స్ పెడితే అవి కూడా ఫైల్లో పడతాయి. అందుకని జనం ఇలా రాస్తారు.

ఎకో మొత్తం %లెక్క%>లాగ్

లెక్క 15 అయితే లాగ్ ఫైల్లో "మొత్తం 15" అని పడుతుంది. 240 అయినా సరే. లెక్క 2 అయిన రోజున లాగ్ ఖాళీగా ఉంటుంది, "మొత్తం" అన్న మాట స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఎందుకంటే విప్పాక ఆ లైను ఎకో మొత్తం 2>లాగ్ అయింది. ఖాళీ తర్వాత ఒంటరిగా ఉన్న ఒక్క అంకె వెంటనే > వస్తే, ఆ అంకె నంబరు కాదు, ఏ దారిని మళ్లించాలో చెప్పే గుర్తు. 2 అంటే ఎర్రర్లు వెళ్లే దారి. ఆ రోజు ఎర్రర్లేం లేవు కాబట్టి లాగ్ ఖాళీ. రెండంకెల లెక్కలతో వంద సార్లు పరీక్షించినా ఇది బయటపడదు, పని తక్కువున్న రోజునే బయటపడుతుంది. విరుగుడు తేలిక. మళ్లింపును లైను ముందుకు తెచ్చేయండి.

>లాగ్ ఎకో మొత్తం %లెక్క%

నేను ఇప్పుడు ఎప్పుడూ ఇలాగే రాస్తాను. చూడ్డానికి తిరగేసినట్టు ఉంటుంది, రెండు రోజుల్లో కంటికి అలవాటవుతుంది.

బ్రాకెట్ల దగ్గర ఆగి కాస్త ఎక్కువ చెప్పాలి. బ్యాచ్ నేర్చుకునేవాళ్లని ఎక్కువ ఏడిపించేది ఇదే. ఇఫ్ తర్వాతో, ఫర్ తర్వాతో బ్రాకెట్ తెరిచి పది లైన్లు రాసి మూస్తాం. మన కంటికి అవి పది లైన్లు. సీఎండీకి అది మొత్తం కలిపి ఒకే లైను. బ్రాకెట్ మూసే దాకా మొత్తం చదివి, పర్సెంట్లన్నీ ఒకేసారి విప్పి, ఆ తర్వాతే మొదటి కమాండ్ మొదలుపెడుతుంది. అందుకే లోపల సెట్ "వయసు=30" అని రాసి, కింది లైన్లోనే ఎకో %వయసు% అంటే పాత విలువే వస్తుంది. అసలు ఏమీ లేకపోతే "ఎకో ఆఫ్‌లో ఉంది" అని వస్తుంది, ఎందుకంటే ఎకో తర్వాత ఖాళీయే మిగిలింది. సెట్ పనిచేయలేదని అనుకుంటాం. సెట్ పనిచేసింది. %వయసు% అన్నది సెట్ కంటే ముందే విప్పుకుని వెళ్లిపోయింది.

ఇదే వరస వల్ల వచ్చే ఇంకో ఎర్రర్ని చూడండి.

ఇఫ్ నాట్ డిఫైన్డ్ సిద్ధం (
  సెట్ పాత్=%పాత్%;సి:\టూల్స్
)

పాత్ అంటే ప్రోగ్రాములని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే వేరియబుల్. 64 బిట్ విండోస్‌లో దాని విలువలో ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86) అనే ఫోల్డరు ఉండటం మామూలే. ఆ పేరులో మూసే బ్రాకెట్ ఉంది. విప్పిన తర్వాత ఆ బ్రాకెట్టే మన ఇఫ్‌ని మూసేస్తుంది. దాని వెనకాల మిగిలిన ముక్క చూసి "ఇది ఇక్కడ ఉంటుందనుకోలేదు" అన్న అర్థం వచ్చే ఎర్రర్ ఇచ్చి స్క్రిప్టు మొత్తం ఆగిపోతుంది. ఇందులో జనాన్ని నిజంగా తికమక పెట్టేది ఏంటంటే, ఇఫ్ షరతు తప్పయినా ఈ ఎర్రర్ వస్తుంది. "ఆ బ్లాకులోకి అసలు వెళ్లలేదు కదా, అక్కడ ఎర్రర్ ఎలా వస్తుంది?" అని నన్ను అడిగినవాళ్లు ఎందరో. వెళ్లాలా వద్దా అని చూసే ముందు చదవాలి కదా. చదవడంలోనే విరిగింది. సెట్ "పాత్=%పాత్%;సి:\టూల్స్" అని కోట్స్‌లో రాస్తే సరిపోతుంది. ఒకవేళ ఏదో ఇన్‌స్టాలర్ పాత్ విలువలోనే కోట్స్ పెట్టేసి ఉంటే ఇది కూడా విరుగుతుంది. అందుకే పాత్ మార్చే లైనును నేను బ్రాకెట్ల లోపల రాయను. గోటూ (స్క్రిప్టులో వేరే చోటికి దూకమనే కమాండ్) వాడి బయట రాస్తాను. గోటూ అంటే చాలామందికి చిరాకు. బ్యాచ్‌లో మాత్రం బ్రాకెట్ కన్నా గోటూయే నమ్మకమైనది.

ఈ బ్లాకు ఇబ్బందికి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జవాబు విండోస్ 2000తో వచ్చింది, డిలేడ్ ఎక్స్‌పాన్షన్. అంటే ఆలస్యంగా విప్పడం. దాన్ని ఆన్ చేస్తే !పేరు! అని రాసింది లైను చదవడమంతా అయ్యాక, ఆ కమాండ్ అమలయ్యే క్షణంలో విప్పుకుంటుంది. దీని వల్ల లూపు లోపల కొత్త విలువ కనిపిస్తుందని అందరూ చెబుతారు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద లాభం వేరే ఉంది. & ఎక్కడుంది, > ఎక్కడుంది అని చూసే అడుగు అప్పటికే దాటిపోయింది కాబట్టి, విలువలో ఏ గుర్తు ఉన్నా అది ఉత్త అక్షరమే. ఎకో !పేరు! అంటే కోట్స్ లేకపోయినా "జమ&ఖర్చు" అని అచ్చంగా వస్తుంది. సెట్‌తో పెట్టిన వేరియబుల్ బ్యాచ్‌లో నిజంగా డబ్బాలా ప్రవర్తించేది ఇలా విప్పినప్పుడే.

మరి స్క్రిప్టు మొదటి లైన్లోనే దీన్ని ఆన్ చేసేస్తే పోలేదా? చాలామంది అదే చేస్తారు, నేనూ కొన్నేళ్లు అదే చేశాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా అంటాను. వరస మళ్లీ చూడండి. %%ఎఫ్ విప్పేది మూడో అడుగులో, ఆశ్చర్యార్థకాలు చూసేది నాలుగో అడుగులో. అంటే %%ఎఫ్ లోంచి వచ్చిన ఫైలు పేరులో ! ఉంటే, నాలుగో అడుగు దాన్ని వేరియబుల్ గుర్తు అనుకుని మింగేస్తుంది. "అయిపోయింది!.టెక్స్ట్" అన్న ఫైలు "అయిపోయింది.టెక్స్ట్" అయిపోయి, అలాంటి ఫైలు లేదని ఎర్రర్ వస్తుంది. పైగా ! ఉన్నప్పుడు పక్కనున్న కేరట్లు కూడా పోతాయి. ఫొటోలకీ పాటలకీ పేర్లు పెట్టేవాళ్లు ! ఎంత ఉదారంగా వాడతారో చూసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదని తెలుసు. కాపీ స్క్రిప్టులో ఇలా జారిపోయిన ఫైళ్లు మిగతా వేల ఫైళ్ల మధ్య ఎవరికీ కనిపించవు.

కాబట్టి పద్ధతి ఇది. మామూలుగా ఆఫ్‌లో ఉంచాలి. విలువను ఆఫ్‌లో ఉండగా పట్టుకోవాలి, వాడే ముందు ఆన్ చేయాలి, వాడగానే ఆపేయాలి.

సెట్‌లోకల్ డిజేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్
సెట్ "లెక్క=0"
ఫర్ %%ఎఫ్ ఇన్ (*.టెక్స్ట్) డూ (
  సెట్ "ఫైలు=%%ఎఫ్"
  సెట్ /ఏ లెక్క+=1
  సెట్‌లోకల్ ఎనేబుల్‌డిలేడ్‌ఎక్స్‌పాన్షన్
  ఎకో !లెక్క! - !ఫైలు!
  ఎండ్‌లోకల్
)

ఈ లైన్లలో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. %%ఎఫ్‌ని ఫైలు అనే వేరియబుల్లో పెట్టేటప్పుడు ఆశ్చర్యార్థకాలు చూసే అడుగు ఆఫ్‌లో ఉంది కాబట్టి పేరు చెక్కు చెదరదు. లెక్క పెంచేది సెట్‌లోకల్‌కి ముందు, ఎందుకంటే సెట్‌లోకల్‌కీ ఎండ్‌లోకల్‌కీ మధ్య మార్చినవన్నీ ఎండ్‌లోకల్‌తో చెరిగిపోతాయి. సెట్ /ఏ కి అసలు పర్సెంట్లు అక్కర్లేదు, అది వేరియబుల్ పేరు చూసి అమలు సమయంలో తనే విలువ తెచ్చుకుంటుంది. చివర ఎండ్‌లోకల్ మరిచిపోతే? సెట్‌లోకల్ 32 పొరల దాకానే ఒప్పుకుంటుంది. మీ పరీక్ష ఫోల్డర్లో పది ఫైళ్లుంటే అంతా బాగానే ఉంటుంది, అసలు ఫోల్డర్లో లూపు ముప్పై దాటగానే పొరలు నిండిపోయాయని ఎర్రర్ ఇస్తుంది. ముప్పై ఫైళ్ల దగ్గర విరిగే స్క్రిప్టు కనబడితే నేను మొదట వెతికేది తప్పిపోయిన ఎండ్‌లోకల్‌నే.

అదే వరస మనకి మేలు చేసే చోటు కూడా ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఎండ్‌లోకల్ అన్నీ చెరిపేస్తుంది కదా, మరి ఒక్క విలువను బయటికి ఎలా తేవాలి?

ఎండ్‌లోకల్ & సెట్ "ఫలితం=%ఫలితం%"

ఒకే లైన్లో రాయడమే ఇందులో కిటుకు. లైను మొదలవగానే, ఎండ్‌లోకల్ ఇంకా నడవకముందే, %ఫలితం% విప్పుకుని విలువ అక్కడ అతికిపోయింది. తర్వాత ఎండ్‌లోకల్ అన్నీ తుడిచినా ఆ అతికిన ముక్క పోదు. ఇంతసేపూ మనల్ని దెబ్బతీసిన "ముందు విప్పడం" ఇక్కడ విలువను గోడ దాటించింది. వరస అర్థమైనవాళ్లకి ఈ లైను చూడగానే తెలుస్తుంది. చిట్కాగా నేర్చుకున్నవాళ్లు దీన్ని బ్రాకెట్ల లోపల పెట్టి, పనిచేయలేదని వదిలేస్తారు.

పర్సెంట్ గుర్తునే అక్షరంగా రాయాల్సి వస్తే? కేరట్ ఇక్కడ పనికిరాదు. కేరట్‌ని చూసేది రెండో అడుగు, పర్సెంట్ పని మొదటి అడుగులోనే అయిపోతుంది. అందుకే %% అని రెండుసార్లు కొట్టాలి. ఎకో 50% అయింది, 50% ఉంది అని రాస్తే స్క్రీన్ మీద "50 ఉంది" అని వస్తుంది, మధ్యలోదంతా ఒక వేరియబుల్ పేరనుకుని, అలాంటిది లేదు కాబట్టి తీసేసింది. వెబ్ అడ్రసుల్లో ఖాళీకి బదులు ఉండే %20 ని బ్యాచ్ ఫైల్లో పెడితే, %2 అంటే స్క్రిప్టుకి ఇచ్చిన రెండో ఆర్గ్యుమెంటు (స్క్రిప్టుని పిలిచేటప్పుడు దాని పేరు పక్కన ఇచ్చే విలువ), దాని వెనకాల 0. డౌన్‌లోడ్ లింకు బ్రౌజర్లో తెరుచుకుంటుంది, స్క్రిప్టులో తెరుచుకోదు. గంటలు పోతాయి దీని దగ్గర.

ఇంకో సంగతి, కమాండ్ ప్రాంప్టులో చేత్తో కొట్టినప్పుడు నియమం వేరు. అక్కడ లేని వేరియబుల్ పేరు రాస్తే అది అలాగే ఉండిపోతుంది. బ్యాచ్ ఫైల్లో అయితే మాయమవుతుంది. ఒకసారి ఒక షేర్డ్ డ్రైవుకి కనెక్ట్ అయ్యే స్క్రిప్టు రోజూ ఫెయిలవుతుంటే నన్ను పిలిచారు. పాస్‌వర్డ్ మధ్యలో ఒక % ఉంది. చేత్తో కొడితే కనెక్ట్ అవుతుంది, అదే లైను ఫైల్లో పెడితే కాదు, మూడుసార్లు అయ్యేసరికి అకౌంట్ లాక్. అందరికీ టెన్షన్. "అదే లైను, ఒక్క అక్షరం మార్చలేదు" అని ఆ అమ్మాయి నాకు మళ్లీ మళ్లీ చూపించింది, ఆమె చెప్పింది నిజమే. లైను అదే, చదివే పద్ధతి వేరు. పాస్‌వర్డ్‌ని ఫైల్లో రాసి పెట్టుకోవడమే మంచిది కాదన్నది ఇంకో మాట, ఆ రోజు అది కూడా చెప్పాను.

లేని వేరియబుల్ మాయమవడం ఎంత ప్రమాదమో డెల్, ఆర్‌డీ (ఫోల్డర్లని తుడిచే కమాండ్) ఉన్న స్క్రిప్టుల్లో తెలుస్తుంది. ఆర్‌డీ /ఎస్ /క్యూ "%చోటు%\పాతవి" అని రాసి, పైన చోటు అన్న పేరులో ఒక అక్షరం తప్పు కొట్టామనుకోండి. లైను "\పాతవి" అవుతుంది, అంటే ఆ డ్రైవు మొదట్లో ఉన్న పాతవి. తుడిచే ప్రతి లైనుకీ ముందు ఇఫ్ నాట్ డిఫైన్డ్ (ఆ వేరియబుల్ లేకపోతే) అని ఒక కాపలా పెట్టని స్క్రిప్టుని నేను ఆమోదించను. అలాగే సీడీ చేసి, అంటే వేరే ఫోల్డర్లోకి వెళ్లి, ఆ తర్వాత తుడిచేటప్పుడు, సీడీ ఫెయిలైతే అక్కడే ఆగిపోయేలా వెనకాల || ఎగ్జిట్ /బీ 1 ఉండాలి. లేకపోతే ఉన్నచోటే తుడుస్తుంది.

ఇంతవరకు చెప్పింది సీఎండీ ఒక్కదాని చదువు. కానీ మనం పిలిచే ప్రోగ్రాములు కూడా తమకొచ్చిన లైనును తమ పద్ధతిలో మళ్లీ చదువుకుంటాయి. దీనికి నాకు బాగా గుర్తుండే ఉదాహరణ %~డీపీ0, అంటే స్క్రిప్టు ఉన్న ఫోల్డరు. దాని చివర ఎప్పుడూ \ ఉంటుంది. ఫోల్డర్లని కాపీ చేసే రోబోకాపీకి రోబోకాపీ "%~డీపీ0" "డి:\నకలు" అని రాస్తే, సీఎండీకి ఏ అభ్యంతరమూ లేదు. రోబోకాపీ మాత్రం చివరి \" ని చూసి, ఇది మూసే కోట్ కాదు, పేరులో ఉన్న కోట్ గుర్తు అనుకుంటుంది. రెండు ఫోల్డర్లూ కలిసి ఒకటే పేరైపోతాయి. "%~డీపీ0." అని చివర ఒక చుక్క పెడితే చాలు. చుక్క అంటే అదే ఫోల్డరు కాబట్టి అర్థం మారదు, \ పక్కన కోట్ ఉండదు.

ఇద్దరు చదివేవాళ్ల మధ్య ఉన్న ఈ సందు ఎంత లోతైనదో 2024లో ప్రపంచమంతా చూసింది. విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ నేరుగా బ్యాచ్ ఫైలును పిలిస్తే, విండోస్ లోపల చప్పుడు చేయకుండా సీఎండీని తెచ్చి దానికి అప్పగిస్తుంది. పిలిచిన భాషేమో ఆర్గ్యుమెంట్లని మామూలు ప్రోగ్రాముల పద్ధతిలో కోట్స్ పెట్టి పంపుతుంది. సీఎండీ తన పద్ధతిలో చదువుతుంది. ఆర్గ్యుమెంట్‌లో తెలివిగా ఒక కోట్, ఒక & పెట్టి పంపితే ఆ & వెనకాల ఉన్నది కమాండ్‌గా నడుస్తుంది. బ్యాట్‌బ్యాడ్‌బట్ అని పేరు పెట్టారు దీనికి. రస్ట్ భాషలో ఇది భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2024-24576గా నమోదైంది, తీవ్రత పదికి పది. ఏప్రిల్ 9న రస్ట్ 1.77.2 విడుదల చేసి సరిదిద్దారు. నోడ్, పీహెచ్‌పీ వాళ్లకీ ఇదే అవస్థ వచ్చింది. రస్ట్ బృందం చేసిన పరిష్కారం నాకు చాలా నిజాయితీగా అనిపించింది. ఎస్కేప్ చేయడాన్ని, అంటే ప్రత్యేక గుర్తులు ఉత్త అక్షరాలుగానే వెళ్లేలా చూడడాన్ని, మెరుగుపరిచారు, అయినా క్షేమంగా పంపలేమనిపించిన ఆర్గ్యుమెంట్ వస్తే పంపకుండా ఎర్రర్ ఇచ్చేలా చేశారు. అన్ని సందర్భాల్లోనూ నమ్మదగిన ఎస్కేప్ వాళ్లకి దొరకలేదు.

అందుకే బయటివాళ్లు టైపు చేసిన విలువ ఏదైనా, వెబ్ ఫారమ్‌లోంచి వచ్చినదో, మెయిల్ సబ్జెక్టో, అది బ్యాచ్ ఆర్గ్యుమెంటుగా రాకూడదని నా కచ్చితమైన అభిప్రాయం. ఫైల్లో రాసి ఆ ఫైలు పేరు పంపండి, లేదా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లో పెట్టి !విలువ! అని విప్పండి. ఆర్గ్యుమెంటుగా వస్తే మాత్రం %1 మొదటి అడుగులోనే అతికిపోతుంది, దాన్ని ఆలస్యంగా విప్పే దారే లేదు. మన సొంత డెస్క్‌టాప్ మీద కూడా దీని చిన్న రూపం చూడొచ్చు. ఒక ఫైలుని మౌస్‌తో లాగి బ్యాచ్ ఫైలు మీద వదిలితే, పేరులో ఖాళీ ఉంటేనే ఎక్స్‌ప్లోరర్ కోట్స్ పెడుతుంది. "జమ&ఖర్చు.టెక్స్ట్" లో ఖాళీ లేదు. కోట్స్ ఉండవు. మన స్క్రిప్టు మొదటి లైనుకి చేరేసరికే పేరు రెండు ముక్కలు.

"ఇంత కష్టం ఎందుకు, పవర్‌షెల్‌కి మారిపోవచ్చు కదా" అంటారు. పవర్‌షెల్ మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఇంకో స్క్రిప్టు భాష, 2006లో వచ్చింది, అందులో వేరియబుల్ డబ్బాయే, ఈ గొడవల్లో చాలా భాగం ఉండదు. కొత్తగా రాసేది ఏదైనా అందులోనే రాయమని నేనూ చెబుతాను. కానీ ఉన్నవాటి సంగతి? 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చిన సీఎండీ ఇవాళ్టికీ ప్రతి విండోస్ మెషీన్లోనూ ఉంది. బ్యాచ్ ఎన్నడూ రాయలేదనుకునే డెవలపర్లు కూడా కమాండ్ ప్రాంప్టులో ఎన్‌పీఎమ్ (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే టూలు) అని కొట్టిన ప్రతిసారీ వెనకాల ఒక డాట్ సీఎండీ ఫైలు, అంటే బ్యాచ్ ఫైలే, నడుస్తోంది. జావా వాళ్లు వాడే గ్రేడిల్, మేవెన్ కూడా అంతే. పాతదని చెప్పి దాన్ని నేర్చుకోకుండా వదిలేయడం, దాని మీద ఆధారపడి ఉన్న మన ఫైళ్లని గాలికి వదిలేయడమే.

గుర్తులతో సంబంధం లేకపోయినా ఇదే కోవలోది ఇంకొకటి చెప్పేస్తాను. సెట్ /ఏ కి 08, 09 ఇస్తే ఎర్రర్. ముందు సున్నా ఉంటే ఎనిమిది ఆధారంగా లెక్క అనుకుంటుంది, ఆ లెక్కలో 8, 9 అంకెలు లేవు. తేదీతో పనిచేసే స్క్రిప్టులు జూలై దాకా బాగుండి ఆగస్టులో విరిగితే కారణం ఇదే. అంకెలకి ముందు 1 అతికించి, 100 తీసేయండి: 108 - 100.

ఇప్పుడు నేను ఏ బ్యాచ్ స్క్రిప్టునైనా చేతిలోకి తీసుకోగానే చేసే పని ఒకటుంది. నా దగ్గర పరీక్ష కోసం ఒక ఫోల్డరు ఉంది, దాని పేరు ఇది.

అ & ఆ (1) 100% సరే! ^

విండోస్ ఈ పేరుని మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. స్క్రిప్టుని ఇందులో పెట్టి, ఇలాంటి పేర్లతోనే నాలుగు ఫైళ్లు పక్కన పెట్టి నడుపుతాను. మొన్న ఆరు పాత స్క్రిప్టులు ఇలా నడిపాను. నాలుగు గట్టెక్కాయి. ఒకటి మొదటి లైన్లోనే డిలేడ్ ఎక్స్‌పాన్షన్ ఆన్ చేసింది, ! మింగేసింది. ఆరోది కోట్స్ అన్నీ సరిగ్గా పెట్టి, ఆఫ్‌లోనే ఉంచి కూడా విరిగింది. అందులో కాల్ "%~డీపీ0రెండోది.సీఎండీ" అన్న లైను ఉంది. ఇంకో బ్యాచ్ ఫైలుని పిలిచే ఈ కాల్, తన తర్వాత ఉన్నదాన్ని ఇంకోసారి పర్సెంట్ల కోసం వెతుకుతుంది, కోట్స్ లోపలి కేరట్లని రెట్టింపు చేస్తుంది. పేరులో ఒక కేరట్ రెండయింది, 100% లో పర్సెంట్ పోయింది, ఫోల్డరు దొరకలేదు. పుష్‌డీ "%~డీపీ0." అని ముందు ఆ ఫోల్డర్లోకి వెళ్లి, కాల్ .\రెండోది.సీఎండీ అని మార్చాను. కాల్ లైన్లో ఇప్పుడు వేరియబులే లేదు. ఆరోది కూడా నడిచింది.